అత్తగారి మిట్ట ఎక్కిన కాబూలీ ఇంజను

కోట్లీ కొండల్లో బన్‌కోట్‌కి పోయే దారిలో చిట్టచివర ఒక ఎక్కుడు ఉంది. దాన్ని అందరూ అత్తగారి మిట్ట అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, తప్పకుండా ఆ ఊరి అల్లుడే అయ్యుంటాడు. కింద ఊటబావి దగ్గర మొదలై, చీడ్ అనే పైన్ చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ పోయి, సరిగ్గా ఊరి గోడ ముందు తేలుతుంది ఆ దారి. గోడ మీద కూర్చుని టీ తాగేవాళ్ళకి కింద ఎవరి బండి ఆయాసపడుతోందో, ఎవరి పెళ్ళాం దిగి నడుస్తోందో అంతా కనిపిస్తుంది. రావల్పిండి మోతీ బజారులో బొత్తాలూ జిప్పులూ దారపుండలూ అమ్ముకునే గుల్ఫరాజ్ సత్తీ ఆ ఊరి అల్లుడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గోడ మీదివాళ్ళకి అతను పంచిపెట్టినంత వినోదం ఇంకెవరూ పంచలేదు.

అందుకు కారణం అతని మెహరాన్ కారు. పెద్దకూతురు పుట్టిన ఏడు ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. తెల్లటి చిన్న కారు. బజారు సందుల్లో ఎక్కడ పడితే అక్కడ దూరిపోయేది, ఎక్కడ పడితే అక్కడ నిలబడేది. దాని మీద ఈగ వాలితే తుడిచేవాడు గుల్ఫరాజ్. కానీ ఇంజనుకి వయసు మీద పడింది. చదును మీద బాగానే నడిచేది గానీ అత్తగారి మిట్ట కనపడగానే దాని ప్రాణం అరికాళ్ళలోకి వచ్చేది. ఒక్కడే కూర్చుంటే మూలుగుతూ ఎక్కేది. ఇంకో మనిషి ఉంటే మొదటి మెలిక దగ్గరే ఆగి వెనక్కి జారేది.

అందుకని వాళ్ళకి ఒక పద్ధతి అలవాటైపోయింది. ఊటబావి దగ్గర కారు ఆపి, గుల్ఫరాజ్ దిగి బానెట్ ఎత్తి నీళ్ళు చూసేవాడు. మళ్ళీ వచ్చి కూర్చుని, వెనక దారి కనపడే లోపలి అద్దాన్ని కారు కప్పు వైపుకి తిప్పేసేవాడు. అది చూసి వెనక సీట్లో ఉన్న భార్య జైతూన్ దిగేది. ముందు సీటు ఎప్పుడూ పుట్టింటికి పట్టుకెళ్ళే మిఠాయిలదీ బట్టలదీ కాబట్టి ఆమె చోటు వెనకే. ఆ వెనక తలుపు ఒక్క దెబ్బకి పడేది కాదు, ధన్ ధన్‌మని రెండుసార్లు కొట్టాలి. ఆ రెండు చప్పుళ్ళూ వినపడితే 'ఇక పోనియ్' అని అర్థం. అతను కారు ఎక్కించుకుంటూ పోయేవాడు, ఆమె చెప్పులు చేతపట్టుకుని దుమ్ములో వెనకాల నడిచొచ్చేది.

అద్దం ఎందుకు తిప్పుతారని ఆమె ఒకటి రెండుసార్లు అడిగింది. ఎండ కళ్ళలో కొడుతోందన్నాడు. మబ్బు పట్టిన రోజున అడిగినా అదే మాట చెప్పాడు. ఆమె ఆ తర్వాత అడగడం మానేసింది.

కిందటి ఈదు పండక్కి వ్యవహారం ముదిరింది. జైతూన్ పెద్దన్న పేరు మెహర్బాన్. అంటే దయగలవాడని అర్థం. దయ అంతా ఆ పేరుకే సరిపోయింది, మనిషికి మిగల్లేదు. గోడ మీద టీ కప్పు పట్టుకుని కూర్చుని, కారు ముందూ చెల్లెలు వెనకా రావడం చూసి ఊరంతా వినపడేలా అందుకున్నాడు.

"ఏం బావా, కారు కొన్నావా, మా చెల్లెలికి నడక నేర్పే బడి పెట్టావా? ముందు నువ్వు నవాబులా వస్తావు, వెనకాల అది నౌకరులా వస్తుంది!"

గోడ మీద నవ్వులు పొంగాయి. మెహర్బాన్‌కి ఆ మాత్రం ఊతం చాలు.

"మా అబ్బాయి తైమూర్ పెళ్ళికి మా గాడిదని పంపిస్తాలే. అది నీ కారులా కాదు, ఎక్కించుకున్న మనిషిని మధ్యలో దిగమనదు."

జైతూన్ అప్పుడే పైకి చేరింది. ఊపిరందడం లేదు. అయినా పుట్టింటివాళ్ళ ముందు మొగుణ్ణి ఒక్క మాట పడనిచ్చే మనిషి కాదు. "నేనే దిగాను అన్నయ్యా. నడిస్తే మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెప్పాడు," అంది.

ఆ డాక్టరెవరో గుల్ఫరాజ్‌కి తెలీదు. ఆమె మోకాళ్ళ సంగతి మాత్రం తెలుసు. రాత్రుళ్ళు వాటికి ఆవనూనె రాసేది అతనే. ఆ పూట అత్తవారింట్లో అన్నం గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి, దుప్పట్టా కొక్కేనికి తగిలించి, అప్పుడు మొదలుపెట్టింది.

"వినండి సత్తీ సాబ్. తైమూర్‌కి నేను మేనత్తని. పెళ్ళికొడుకు తలకి పూల సెహ్రా నా చేత్తో కట్టాలి. నేను కట్టందే మా ఇంట్లో పెళ్ళికొడుకు గడప దాటడు. కానీ ఆ మిట్ట నేనిక నడిచి ఎక్కను. మా నాన్న గుమ్మం ముందు కారు దిగుతానంటేనే వస్తాను. లేదా, ఇక్కడే కూర్చుంటాను. ఆ సెహ్రా వాళ్ళ గాడిదకి కట్టుకోమనండి."

"పోనీ జీపు మాట్లాడతానే..."

"బాడుగ జీపులో దిగితే మా అన్న అన్నదంతా నిజమని మనమే దండోరా వేసుకున్నట్టు. మన కారులోనే వస్తాను. ఎక్కుతుందా ఎక్కదా అన్నది మీరూ మీ కారూ చూసుకోండి."

మా వైపు మేనత్త అలక అంటే ఆషామాషీ కాదు. మేనత్త మొహం ముడుచుకుంటే కట్టిన షామియానా విప్పేసిన ఇళ్ళున్నాయి. జైతూన్ వెళ్ళకపోతే అన్నాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు తెగిపోతాయి, ఆ తెగింది మళ్ళీ అతికేది కాదు. గుల్ఫరాజ్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొత్త కారు కొనే తాహతు ఉంటే బొత్తాలెందుకు అమ్ముతాడు? తెల్లారగానే మెకానిక్ ఉస్తాద్ నజాకత్ దగ్గరికి పరిగెత్తాడు.

నజాకత్ అంటే సుకుమారం. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు పిల్లాణ్ణి సరిగా చూసుకుని ఉండరు. ఉస్తాద్ షెడ్డు తలుపు దగ్గర నిలబడితే లోపల చీకటి పడుతుంది. మాటలు అతని ఒంటికి తగ్గట్టే ఉంటాయి. రావల్పిండిలో తను ముట్టుకోని ఇంజనే లేదంటాడు. ముట్టుకున్నవన్నీ బాగుపడ్డాయని మాత్రం అనడు.

కారు చప్పుడు వినగానే చెయ్యెత్తి ఆపేశాడు. "ఆపు, ఆపు. నా చెవులు పోతాయి. సత్తీ భాయ్, ఈ ఇంజను చచ్చిపోలేదు గానీ రిటైరైపోయింది. ఎన్నాళ్ళు డ్యూటీ చేయిస్తావు పాపం? పంపించేద్దాం. దాని కుర్చీలో కాబూలీ ఇంజను కూర్చోబెడదాం."

"పడుతుందా ఇందులో?"

"నేను పట్టిస్తే పట్టనిదేంటి?"

జపాన్‌లో వాడి తీసేసిన ఇంజన్లు ఒకప్పుడు కాబూల్ మీదుగా మా బజార్లకి వచ్చేవి. ఇప్పుడు కరాచీ రేవులో దిగుతున్నా పేరు మాత్రం కాబూలీయే. గుల్ఫరాజ్ ఇంటికెళ్ళి ఈ కబురు చెప్పగానే జైతూన్ బియ్యం ఏరుతున్నదల్లా తలెత్తింది.

"కాబూలీ ఇంజనా? పెట్రోలు తాగుతుందా, బాదంపప్పు పెట్టాలా?"

"నవ్వకు. వెయ్యి సీసీ. ఐదు గేర్లు. మనదానికి నాలుగే."

"ఐదో గేరు మీరే ఉంచుకోండి. మా ఊరి మిట్ట ఎక్కే గేరు అందులో ఉందో లేదో కనుక్కున్నారా?"

పాత ఇంజన్ల బజారుకి ఇద్దరూ కలిసి వెళ్ళారు, ఉస్తాదూ గుల్ఫరాజూ. బక్రీదుకి ముందు మేకల సంత ఎలా ఉంటుందో అలా ఉంది అక్కడ. ఇంజన్లు వరసగా నేల మీద కూర్చుని ఉన్నాయి, జనం వాటి మూతులు తెరిచి చూస్తున్నారు. ఏ ఇంజను చూపించినా అమ్మేవాడిది ఒకటే పాట. "జపాన్‌లో ఒక టీచరమ్మది సాబ్. ఆదివారం ఆదివారం మాత్రమే తీసేది." ఒక వరస దాటేసరికి గుల్ఫరాజ్‌కి అనుమానం వచ్చింది. "ఉస్తాద్, జపాన్‌లో ఇంతమంది టీచరమ్మలైతే పిల్లలెంతమంది ఉంటారు?" అని అడిగాడు.

నజాకత్ వినిపించుకునే స్థితిలో లేడు. ఆయిల్ మూత తీసి వాసన చూస్తున్నాడు, వేలితో లోపల తడుముతున్నాడు. ఒక ఇంజను దగ్గర మాత్రం గొంతుక్కూర్చున్నాడు. దానికి బ్యాటరీ తగిలించి నేల మీదే తిప్పించాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీదా, పిడి చెవిలోనూ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మొహం మీద మెల్లగా నవ్వు పాకింది.

"ఇదే. దీని గుండె చప్పుడు విను. ఇరవై ఏళ్ళ కుర్రాడిది."

గుల్ఫరాజ్ కూడా చెవి పెట్టాడు. అతనికి గరగర తప్ప ఇంకేమీ వినపడలేదు. అయినా ఉస్తాద్ ముందు తలూపాడు. బేరం కుదిరింది. ఎంతకని అడక్కండి, అతను పెళ్ళానికే చెప్పలేదు, మాకు చెబుతాడా?

పాత ఇంజను దించిన రోజున గుల్ఫరాజ్ కొట్టు మూసి మరీ వచ్చాడు. గొలుసులు కట్టి పైకి లాగితే అది నూనె కారుస్తూ గాల్లో కాసేపు ఊగి, షెడ్డు మూల గోనెపట్టా మీద దిగింది. ఇంజను లేని కారు పళ్ళు పీకేసిన నోరులా ఉంది. గుల్ఫరాజ్ ఆ పాత ఇనుము పక్కన కూర్చుండిపోయాడు. పెళ్ళై అత్తారింటికి వెళ్ళిన ఇద్దరు కూతుళ్ళనీ ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఈ ఇంజనే. జ్వరమొచ్చినప్పుడు పరిగెత్తింది, పరీక్షలప్పుడు పరిగెత్తింది. కొండ దగ్గర ఓడిపోయింది గానీ ఇంకెక్కడా మాట తప్పలేదు. అతని కళ్ళు చెమర్చాయి. దాన్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"లే సత్తీ భాయ్, లే. పక్క షెడ్డువాళ్ళు చూస్తే పలకరింపుకి వస్తారు," అన్నాడు నజాకత్. అని, తనే ఒక గుడ్డ తెచ్చి రెండోవైపు తుడిచాడు.

ఇక కొత్త ఇంజను పెట్టే సంబరం మొదలైంది. అది కారులోకి దిగింది గానీ, కూర్చోవలసిన చోట్లు ఒక్కటీ కలవలేదు. పాతవి కోసి, కొత్త పట్టీలు వెల్డింగ్ చేశారు. అది కుదిరాక బానెట్ మూతపడలేదు, ఇంజను ఒక వేలెడు ఎత్తుగా ఉంది. బానెట్ పైకి లేపి బిగిస్తే సందులో కటకటమని కొట్టుకోసాగింది. రబ్బరు ముక్కలు పెట్టి చూశారు, నిలవలేదు. గుల్ఫరాజ్ మాట్లాడకుండా వెళ్ళి కొట్లోంచి ఓవర్‌కోటు బొత్తాలు తెచ్చాడు, దళసరివి, కొమ్ముతో చేసినవి. అంచు పొడుగునా వాటిని అతికిస్తే చప్పుడు ఆగిపోయింది. తన జీవితంలో అంత గర్వంగా బొత్తాలు ఎవరికీ ఇవ్వలేదతను. రేడియేటరు మాత్రం పాతదే ఉంచారు.

అసలు గొడవ వైర్లతో వచ్చింది. పాత ఇంజనుకి బుర్ర లేదు, కొత్తదానికి కంప్యూటరు ఉంది. అరచేతంత డబ్బా, దాంట్లోంచి జడలు జడలుగా వైర్లు. ఉస్తాద్ అన్నీ కలిపాడు. ఇంకా కొన్ని మిగిలాయి. "ఇవి ఎక్స్‌ట్రా," అని వాటిని చుట్టి టేపు వేసేశాడు. తాళం తిప్పితే కారు పలకలేదు. ఎంతసేపు తిప్పినా పలకలేదు. చెయ్యి తగిలి వైపరు తిరిగిందో లేదో, బుర్రుమని స్టార్టయింది.

"వైపరు వేస్తేనే స్టార్టవుతోంది ఉస్తాద్!"

"జపానువాళ్ళకి వానలెక్కువ. అలవాటు," అన్నాడు నజాకత్, ఏమాత్రం తొణక్కుండా.

పెళ్ళి దగ్గరపడింది. బన్‌కోట్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మెహెందీ రోజున ఆడవాళ్ళంతా ఢోలక్ ముందేసుకుని కూర్చున్నారట, మేనత్త లేని పాటలు చప్పగా ఉన్నాయట. జైతూన్ అందరికీ ఒకటే జవాబు చెప్పింది, వస్తున్నాం, వస్తున్నాం అని. ఫోను పెట్టేసి మొగుడి వైపు చూసేది. గుల్ఫరాజ్ షెడ్డుకి పరిగెత్తేవాడు. మెహెందీ నాటి సాయంత్రం నజాకత్ ఆ ఎక్స్‌ట్రా వైర్ల టేపు విప్పి, తిట్టుకుంటూ ఒక్కొక్కటే మళ్ళీ కలిపాడు. ఈసారి వైపరు లేకుండానే ఇంజను అందుకుంది. సన్నగా, తేలిగ్గా ఒక గొంతు. గుల్ఫరాజ్‌కి ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"పరీక్షకి నేను చాలు," అని నజాకత్ ముందు సీట్లోకి దిగబడ్డాడు. కారు అటువైపుకి ఒరిగింది. ఫైజాబాద్ ఫ్లైఓవర్ మీదికి వెళ్ళారు. ఇంతకుముందు అక్కడ వెనకాల బస్సులవాళ్ళు హారన్లు కొడుతుంటే తల దించుకుని పాకేవాడు గుల్ఫరాజ్. ఇప్పుడు పెడలు మీద కాలు ఆనించగానే కారు ముందుకి దూకింది. ఒక బస్సుని దాటేసింది. ఇంకోదాన్ని కూడా. గుల్ఫరాజ్ చిన్నపిల్లాడిలా కేకేశాడు. అంత సంతోషం అతనికి పెళ్ళిలో కూడా కలగలేదు, ఆ మాట జైతూన్‌కి చెప్పొద్దని నజాకత్ దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.

దిగేముందు ఉస్తాద్ ఒకే ఒక జాగ్రత్త చెప్పాడు. "రేడియేటరు పాతది కదా, మిట్ట కింద ఒక్కసారి ఆపి నీళ్ళు చూసుకో. ఆ తర్వాత అల్లా పేరు చెప్పి తొక్కు. ఎక్కడా ఆగకు." దిష్టి తగలకుండా వెనక బంపరుకి నల్లగుడ్డ తనే కట్టాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. గులాబీలతో కట్టించిన సెహ్రా నలిగిపోకుండా ముందు సీట్లో పళ్ళెంలో పెట్టింది జైతూన్. "ఇవాళ పెద్దమనిషి అదే. ముందు అది కూర్చుంటుంది," అంది. తను వెనక సీట్లో, పెళ్ళికొడుక్కి కుట్టించిన దూది రజాయిల మూట పక్కన సర్దుకుంది. పట్టు సల్వారు కమీజు వేసుకుంది, కాళ్ళకి కొత్త చెప్పులు. ఇవాళ చెప్పులు చేత్తో పట్టుకునే పనిలేదు మరి. దారి పొడుగునా గుల్ఫరాజ్ మూడో గేరులో ఎక్కిన ఎత్తుల గురించి చెబుతూనే ఉన్నాడు, ఆమె చెవులకి అత్తరు రాసుకుంటూ "ఊ" కొడుతూనే ఉంది.

ఊటబావి వచ్చింది. గుల్ఫరాజ్ కారు ఆపాడు. దిగి బానెట్ ఎత్తాడు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. బానెట్ మూసి వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా అత్తగారి మిట్ట. పైన గోడ మీద మనుషులు చీమల్లా కదులుతున్నారు, ఢోలు మోత వినపడుతోంది. అతని చెయ్యి దానంతటదే పైకి వెళ్ళి అద్దాన్ని కప్పు వైపుకి తిప్పేసింది.

వెనక తలుపు ధన్ ధన్‌మని రెండుసార్లు చప్పుడైంది.

గుల్ఫరాజ్ పోనిచ్చాడు.

మొదటి మెలిక వచ్చింది, పోయింది. వచ్చినట్టే తెలియలేదు. "చూశావా?" అన్నాడు గుల్ఫరాజ్. "ఇక్కడే కదూ వెనక్కి జారేది? ఇప్పుడు చూడు!" రెండో మెలిక దగ్గర ఎవరిదో మేకల మంద చెదిరిపోయింది. "నీకు చెప్పలేదు గానీ జైతూన్, కిందటి ఈదు రోజున అన్నం సహించలేదు నాకు. మీ అన్న అన్న మాటలు కాదు, నువ్వు చెప్పిన ఆ డాక్టరు మాట. అది గుచ్చుకుంది." వెనక నుంచి జవాబు లేదు. ఏడుస్తోంది కాబోలు అనుకున్నాడు. "ఏడవకు. ఇవాళ్టితో అయిపోయింది. ఇక నువ్వు నేల మీద కాలు పెట్టక్కర్లేదు." ఈ మాట అన్నందుకు తనకే తను నచ్చాడు. ఇంకో మెలిక కూడా తిరిగి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా మోగించుకుంటూ ఊరి గోడ ముందుకి వచ్చి ఆగాడు.

ఢోలువాళ్ళు రెచ్చిపోయారు. పిల్లలు కారు చుట్టూ మూగారు. మెహర్బాన్ గోడ దిగి వచ్చాడు. మొహంలో ఆశ్చర్యం దాచుకోలేకపోతున్నాడు. "శభాష్ బావా! ఎక్కించేశావే!" అంటూ చెల్లెల్ని దింపడానికి వెనక తలుపు తీశాడు.

లోపల రజాయిల మూట ఉంది. అంతే.

మెహర్బాన్ వంగి మూట అవతల కూడా చూశాడు. లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఊరంతా వినపడేలా గొంతు సవరించుకున్నాడు.

"రజాయిలకి సలాం! దయచేయండి రజాయిలూ! బావా, మా చెల్లెలేదయ్యా?"

గుల్ఫరాజ్ వెనక్కి తిరిగి చూశాడు. సీటు చూశాడు, మూట చూశాడు, కిందికి దారి చూశాడు. ధన్ ధన్. ఆ చప్పుడు అప్పుడు గుర్తొచ్చింది. ఆమె దిగింది. ఇన్నేళ్ళూ అద్దం తిరగ్గానే దిగిన కాళ్ళు, ఇవాళ కూడా దిగాయి. ఆమె చెయ్యి అలవాటుగా తలుపు కొట్టింది, తన చెయ్యి అలవాటుగా కారు పోనిచ్చింది.

నవ్వుకి ఊరి గోడ కూలిపోతుందనిపించింది. "ఖాళీగా ఎక్కడానికి కొత్త ఇంజనెందుకయ్యా?" మెహర్బాన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఖాళీగా అయితే పాతదీ ఎక్కేదిగా! గాడిదని పంపించనా?"

ఆ మాటకి మాత్రం గుల్ఫరాజ్‌లో ఏదో కదిలింది. సెహ్రా పళ్ళెం తీసి పెళ్ళికొడుకు చేతుల్లో పెట్టాడు, మూట లాగి బయట పడేశాడు. "ఎక్కండి," అన్నాడు.

"ఎవరు?"

"నువ్వే. ఇంకా ఎవరొస్తారో రండి. కిందికి పోయి మీ చెల్లెల్ని ఎక్కించుకుని వద్దాం. ఎక్కుతుందో లేదో లోపల కూర్చుని చూద్దురు గాని."

మెహర్బాన్ ముందు సీట్లో కూర్చున్నాడు, తమ్ముళ్ళిద్దరూ వెనక ఎక్కారు. ముగ్గురూ పెళ్ళి భోజనాలకి పేరుపడ్డ మనుషులు. కారు కిందికి దిగింది.

జైతూన్ ఊటబావి పక్కన బండ మీద కూర్చుని ఉంది, దారికి వీపు పెట్టి. కొత్త చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. ఒక్క అడుగు కూడా నడవలేదు. గుల్ఫరాజ్ దిగి దగ్గరికి వెళ్ళాడు. బావమరుదులు అద్దాలు దించి చెవులు రిక్కించారు.

"జైతూన్..."

"ఎవరండీ మీరు? ఇంజనుతో పని ఉన్నవాళ్ళు పైకి వెళ్ళారు."

"నువ్వే కదే దిగావు! తలుపు కొట్టావు కూడా!"

"నేను దిగానో, నా కాళ్ళు దిగాయో నాకే తెలీదు. కారు కదిలాక తెలిసింది. అరిచాను. చెట్లన్నీ విన్నాయి, మీరే వినలేదు." ఇప్పుడు ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అద్దంలో ఒక్కసారి చూసి ఉంటే నేను కనపడేదాన్ని కదా? ఇన్నేళ్ళూ తిప్పేశారు, ఇవాళ కూడా తిప్పేశారు. వెనక వచ్చే పెళ్ళాన్ని చూస్తే మీ కళ్ళలో ఎండ కొడుతుందా?"

గుల్ఫరాజ్ తల దించుకున్నాడు. బావమరుదులున్నారని తెలుసు, అయినా ఈ పూట దాచుకునే ఓపిక లేదతనికి.

"చూడలేకే తిప్పేవాణ్ణి," అన్నాడు. "మొదట్లో ఒకసారి చూశాను. చెప్పులు చేత పట్టుకుని, నా కారు రేపిన దుమ్ములో నువ్వు దగ్గుకుంటూ వస్తున్నావు. నేను సీట్లో కూర్చుని ఉన్నాను. ఆ రోజు నుంచి ఈ మిట్ట దగ్గర అద్దంలోకి చూసే ధైర్యం రాలేదు నాకు. ఎండా లేదు, గిండా లేదు."



"అంత బాధైతే దిగి నాతో నడవొచ్చుగా," అంది జైతూన్, దుప్పట్టా అంచుతో కళ్ళొత్తుకుంటూ.

"మరి కారెవరు ఎక్కిస్తారే?"

ఆమె ఆపుకోవాలని చూసింది, ఆగలేదు, నవ్వేసింది. అలిగిన మేనత్త నవ్విందంటే పెళ్ళి గట్టెక్కినట్టే. లేచి, హుందాగా పట్టు బట్టలు దులుపుకుని, కారు ముందు తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"దిగు అన్నయ్యా."

"నేనా? నువ్వు వెనక తమ్ముళ్ళ పక్కన సర్దుకోవే..."

"వాళ్ళ పక్కన ఇరుక్కుంటే నా పట్టు బట్టలు నలుగుతాయి. ఇరవై ఏళ్ళుగా ఈ కారులో ముందు సీటు ఎరగను. ఇవాళ అది నాది. దిగు." గొంతు మెత్తగా చేసి చేర్చింది. "నడిస్తే మోకాళ్ళకి మంచిదట. డాక్టరు చెప్పాడు."

వెనక సీట్లో తమ్ముళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. మెహర్బాన్ చెల్లెలి మొహం చూశాడు. దిగాడు. ఆమె కూర్చున్నాక తనే తలుపు వేశాడు, మర్యాదగానే. ఒక్క దెబ్బకే పడింది.

"రెండోసారి కూడా కొట్టన్నయ్యా," అంది జైతూన్. "లేకపోతే ఈయన పోనియ్యరు."

మెహర్బాన్ తలుపు తీసి మళ్ళీ కొట్టాడు.

కారు కదిలింది. నిండు మనుషులతో మొదటి మెలిక తిరిగింది. ఇంజను గొంతు కాస్త లావైంది గానీ తడబడలేదు. వెనక తమ్ముళ్ళు నవ్వు మానేసి సీటు పట్టుకున్నారు. రెండో గేరులో, ఎక్కడా ఆగకుండా, చీడ్ చెట్లని ఒక్కొక్కటే దాటుకుంటూ ఎక్కుతోంది కారు. జైతూన్ చెయ్యి చాచి, కప్పు వైపుకి ఉన్న అద్దాన్ని కిందికి దించి మొగుడికి ఎదురుగా పెట్టింది.

గుల్ఫరాజ్ చూశాడు. కింద దారి మీద, దుమ్ములో, పెళ్ళికి కొన్న కొత్త జోళ్ళు కరుస్తున్నట్టున్నాయి, వాటిని చేత పట్టుకుని వస్తున్నాడు మెహర్బాన్. దగ్గుతున్నాడు కూడా. గుల్ఫరాజ్‌కి మనసు ఆగలేదు. చెయ్యి మెల్లగా అద్దం వైపు వెళ్ళింది.

జైతూన్ ఆ చెయ్యి పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"తిప్పకండి," అంది. "ఇవాళ తీరిగ్గా చూడండి."